స్టీరింగ్ తిప్పితే సౌండ్ వస్తోంది: తరచుగా అడిగే ప్రశ్నలు

"స్టీరింగ్ సౌండ్" అంటూ షెడ్డుకు వచ్చే కార్లలో చాలావాటికి ఆ సౌండ్ స్టీరింగ్‌లోంచి రాదు. స్టీరింగ్ తిప్పినప్పుడు దాంతోపాటు షాకబ్జారు పైనుండే బేరింగు, స్ప్రింగు, యాక్సిల్, రబ్బరు బుష్షులు, టైరు, ఆఖరికి మడ్ ఫ్లాప్ కూడా కదులుతాయి. వీటిలో ఏది అరిచినా మనకు స్టీరింగే అరిచినట్టు ఉంటుంది. అందుకే సౌండ్ ఎలా ఉందన్నదానికన్నా ఎప్పుడు వస్తోందన్నది ముందు తేల్చుకోవాలి. కింది ప్రశ్నలను ఆ వరసలోనే పెట్టాం. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## షెడ్డుకు వెళ్లేముందు

మెకానిక్ ముందు మాత్రం సౌండ్ రాదు. ఆయనకు ఎలా చెప్పాలి?

ఇంటి దగ్గరే ఒక చీటీ మీద రాసుకోండి. కారు ఆగి ఉన్నప్పుడు వస్తోందా, నడుస్తున్నప్పుడా? ఎడమకు తిప్పితేనా, కుడికా, రెండు వైపులానా? పొద్దున మొదటిసారి తీసినప్పుడా, ఇంజను వేడెక్కాకా? బ్రేకు తొక్కితేనా, గుంతలో పడితేనా? చేతికి తగులుతోందా, కాళ్ల కింద అదురుతోందా, ఒట్టి చెవికేనా? ఈ వివరాలు సరిగ్గా ఉంటే సగం పని అయిపోయినట్టే. ఫోన్‌లో రెండు రికార్డింగులు చేయించండి, ఒకటి కారు లోపల, ఇంకొకటి బానెట్ తెరిచి. చల్లటి ఇంజనుతో మాత్రమే వచ్చే సౌండయితే కారును ముందురోజు సాయంత్రమే షెడ్డులో వదిలి, పొద్దున మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని చెప్పండి. గుంతల్లో వచ్చే సౌండయితే మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, రోజూ మోగే ఆ స్పీడ్ బ్రేకరు మీదికే తీసుకెళ్లండి.

నా కారుది హైడ్రాలిక్ పవర్ స్టీరింగా, ఎలక్ట్రికా? ఎలా తెలుసుకోవాలి?

బానెట్ ఎత్తి చూడండి. మూత మీద స్టీరింగ్ చక్రం బొమ్మ ఉన్న చిన్న ఆయిల్ డబ్బా కనిపిస్తే చాలావరకు హైడ్రాలిక్కే. ఇన్నోవా క్రిస్టా, బొలెరో, పాత స్కార్పియో ఈ రకం. స్విఫ్ట్, ఐ20, నెక్సాన్ లాంటివి ఎలక్ట్రిక్, అంటే ఈపీఎస్. చిన్న కార్ల ఈపీఎస్‌లో ఎక్కువగా మోటారు డ్యాష్‌బోర్డు కింద, స్టీరింగ్ కాలమ్ (స్టీరింగ్ చక్రం నుంచి కిందికి దిగే కడ్డీ) మీదే ఉంటుంది. అందులో ఆయిలే ఉండదు. అలాంటి కారుకు "పవర్ స్టీరింగ్ ఆయిల్ తగ్గింది" అని బిల్లు వేస్తే ఎక్కడ పోశారో చూపించమనండి.

ఏ సౌండ్ వస్తే కారు అసలు నడపకూడదు?

సౌండ్‌తోపాటు స్టీరింగ్‌లో లూజు పెరిగినా, తిరుగుతూ తిరుగుతూ మధ్యలో పట్టేసినా, తిరిగి నిటారుకు రాకపోయినా కారును అక్కడే ఆపి టో చేయించండి. టై రాడ్ ఎండ్ (స్టీరింగ్ కడ్డీని చక్రానికి కలిపే జాయింటు) ఊడితే ఆ చక్రానికి స్టీరింగ్‌తో సంబంధం ఉండదు. లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కిందనుంచి పట్టి ఉంచే చెయ్యి) బాల్ జాయింట్ ఊడితే చక్రం పక్కకు మడతపడుతుంది. ఈ రెండూ సాధారణంగా ముందు కొన్నాళ్లు "టక్ టక్" మని చెప్పే ఊడతాయి. హార్న్ పనిచేయకుండా పోయి ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగితే కారు నడుస్తుంది గానీ, ప్రమాదంలో డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటుందన్న నమ్మకం ఉండదు. వాయిదా వేయొద్దు.

## ఆగి ఉన్న కారులో తిప్పితే

కొత్త కారే. పార్కింగ్‌లో తిప్పితే "ఊ...మ్" అని సన్నగా మోటారు శబ్దం. పాడైందా?

లేదు. ఈపీఎస్ మోటారు పనిచేస్తున్న శబ్దమే అది. కారు ఆగి ఉన్నప్పుడు టైరును నేల మీద మెలితిప్పాలి కాబట్టి మోటారుకు ఎక్కువ బలం కావాలి, అందుకే అప్పుడే వినిపిస్తుంది. అదే శబ్దంతోపాటు స్టీరింగ్ బరువెక్కితే ముందు బ్యాటరీ చూడండి. ఇంజను ఆపి కొంతసేపయ్యాక 12.4 వోల్టులకు తక్కువ చూపిస్తే ఛార్జింగు సరిపోలేదు. ఇంజను నడుస్తుండగా మామూలు ఆల్టర్నేటరు ఉన్న కారులో 13.5 నుంచి 14.5 దాకా ఉండాలి. ఇరుకు సందులో పదేపదే ముందుకూ వెనక్కూ తిప్పితే మోటారు వేడెక్కి, తనను తాను కాపాడుకోవడానికి సాయం తగ్గించుకుంటుంది. కాసేపు వదిలేస్తే మళ్లీ తేలికవుతుంది.

హైడ్రాలిక్ స్టీరింగ్ తిప్పితే మూలుగుతోంది. ఆక్సిలరేటర్ ఇస్తే మూలుగు ఎక్కువవుతోంది.

ఇది పంపు శబ్దం. పంపు ఇంజనుతో తిరుగుతుంది కనుక ఇంజను వేగంతోపాటు శ్రుతి పెరుగుతుంది. నూటికి నూరుపాళ్లూ పంపే పోయిందని అనుకోకండి. ఈ వరసలో చూడండి.

మొదట ఆయిల్ మట్టం. తక్కువుంటే ఆయిల్ పోయడంతో పని అయిపోదు, అది ఎక్కడికి పోయిందో వెతకాలి. రాక్ (స్టీరింగ్ తిప్పితే పక్కకు జరిగి చక్రాలను తిప్పే పళ్ల కడ్డీ) రెండు చివర్ల రబ్బరు బూట్లను, అంటే తొడుగులను, నొక్కి చూస్తే లోపల ఆయిల్ చేరిందీ లేనిదీ తెలుస్తుంది. రెండోది నురగ. డబ్బాలో ఆయిల్ బుడగలతో, పాలు కలిసినట్టు ఉంటే గాలి చేరింది. డబ్బా నుంచి పంపుకు వెళ్లే పైపు క్లిప్పు వదులైతే బయటికి చుక్క కారకుండానే గాలి లోపలికి లాగుతుంది. ఆ పైపులో ఉండేది ఒత్తిడి కాదు, పీల్పు. చాలామంది ఇక్కడే పొరబడి మంచి పంపును మార్చేస్తారు. మూడోది డబ్బా లోపలి జల్లెడ. కొన్ని కార్లలో అది డబ్బాతో కలిసే వస్తుంది. మడ్డితో పూడుకుపోతే పంపుకు ఆయిల్ అందక మూలుగుతుంది, అప్పుడు డబ్బానే మార్చాలి. ఈ మూడూ బాగుండి, ఆయిల్ నల్లగా మాడు వాసనతో ఉంటే అప్పుడు పంపును అనుమానించండి.

పూర్తిగా ఒక వైపుకు తిప్పి పట్టుకుంటే "స్‌స్‌స్" మంటోంది.

హైడ్రాలిక్‌లో అది మామూలే. ఇక తిరగడానికి చోటు లేక ఒత్తిడి పెరిగితే రిలీఫ్ వాల్వు తెరుచుకుని ఆయిల్‌ను వెనక్కి వదులుతుంది. అలా చివరిదాకా తిప్పి 5 సెకన్లకు మించి పట్టుకోవద్దు, ఆయిల్ వేడెక్కి పంపూ సీళ్లూ దెబ్బతింటాయి. చివరిదాకా తిప్పాక ఒక వేలెడంత వెనక్కి వదిలితే చాలు.

పొద్దున్నే స్టార్ట్ చేసి తిప్పగానే "కీ...చ్" మని అరిచి రెండు నిమిషాల్లో ఆగిపోతుంది.

బెల్టు జారుతోంది. రాత్రి మంచుకు, వాన తేమకు బెల్టు పట్టు తగ్గుతుంది, స్టీరింగ్ తిప్పగానే పంపు భారం ఒక్కసారిగా పడుతుంది. బెల్టు లోపలి గాడులు అద్దంలా నున్నగా మెరుస్తున్నా, చీలికలు కనిపించినా మార్చండి. తేల్చుకోవడానికి ఒక చిట్కా ఉంది. ఇంజను నడుస్తుండగా, చెయ్యీ చున్నీ దూరంగా పెట్టి, స్ప్రే సీసాతో గాడుల మీద కొంచెం నీళ్లు కొట్టండి. అరుపు ఇంకా పెరిగితే బిగువు చాలలేదు, బెల్టును బిగించి ఉంచే టెన్షనరు చూడాలి. కాసేపు ఆగి మళ్లీ మొదలైతే ఏదో పుల్లీ వరసలో లేదు. బెల్టు మీద సబ్బు, పౌడరు, గ్రీజు రాసే అలవాటు మానండి.

అమెరికాలో ఉంటాం. మైనస్ 15 డిగ్రీల చలిలో మొదటి నిమిషం స్టీరింగ్ గట్టిగా మూలుగుతుంది.

చలికి చిక్కబడ్డ ఆయిల్‌ను పంపు పీల్చుకోలేక చేసే శబ్దం. హైడ్రాలిక్ కార్లలో ఒక నిమిషంలో తగ్గిపోతే భయం లేదు. పది నిమిషాలు నడిపినా తగ్గకపోతే ఆయిల్ మట్టం చూసి, పాతదైతే మీ కారు మాన్యువల్ చెప్పిన రకమే కొత్తది పోయించండి. ఆ ప్రాంతాల్లో రోడ్డు మీద చల్లే ఉప్పుకు ఒత్తిడి పైపులు తుప్పు పడతాయి, కారు కిందికి ఒకసారి తొంగి చూసుకోండి.

ఆగి ఉన్నప్పుడు తిప్పితే ముందు చక్రం పైనుంచి "టంగ్" మని స్ప్రింగు ఎగిరినట్టు వినిపిస్తుంది.

అది నిజంగానే స్ప్రింగు. షాకబ్జారు, స్ప్రింగు కలిసిన ముక్కను స్ట్రట్ అంటారు. దాని పైన స్ట్రట్ మౌంట్ బేరింగు ఉంటుంది. అది నున్నగా తిరిగితే స్ప్రింగు చక్రంతోపాటు తిరుగుతుంది. దుమ్ము, నీరు చేరి పట్టేస్తే స్ప్రింగు మెలిపడి, మెలిపడి, ఒక్కసారి విడిపోతుంది. ఆ విడుపే "టంగ్". కారు నేల మీదే ఉంచి, ఒకరు నెమ్మదిగా స్టీరింగ్ తిప్పుతుంటే మీరు స్ప్రింగు మీద పక్కనుంచి అరచెయ్యి ఆనించండి, చుట్ల మధ్య వేళ్లు పెట్టొద్దు. దూకినట్టు చేతికి తెలిస్తే బేరింగే. రెండు వైపులా కలిపి మార్చడం మేలు. స్ప్రింగును నొక్కిపట్టే పనిముట్టు (స్ప్రింగు కంప్రెసర్) లేకుండా స్ట్రట్ నట్టు విప్పడం మాత్రం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

స్టీరింగ్ చక్రం లోపలే పేపరు ఒరుసుకున్నట్టు "సర్ సర్" మంటోంది.

రెండు చోట్ల చూడాలి. ఒకటి, చక్రం వెనకాల ప్లాస్టిక్ కవరు ఒరుసుకోవడం. కవరును చేత్తో కొంచెం పక్కకు నొక్కిపట్టి తిప్పితే శబ్దం మారుతుంది. రెండోది క్లాక్ స్ప్రింగు. హార్నుకూ ఎయిర్‌బ్యాగ్‌కూ కరెంటు అందించే చుట్టల రిబ్బను అది. హార్న్ ఒక్కో కోణంలో మోగి ఒక్కో కోణంలో మోగకపోతే దాని పని అయిపోవచ్చిందన్నమాట. దీన్ని ఇంటి దగ్గర విప్పొద్దు. బ్యాటరీ నెగటివ్ తీసి, మాన్యువల్ చెప్పినంతసేపు ఆగాకే ఎయిర్‌బ్యాగ్ జోలికి వెళ్లాలి. క్లాక్ స్ప్రింగును మధ్య గుర్తుకు పెట్టకుండా బిగిస్తే మొదటిసారి చివరిదాకా తిప్పినప్పుడే తెగొచ్చు.

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో తిప్పితే మాత్రమే టైర్లు "కీచ్ కీచ్" మంటాయి.

నునుపు నేల మీద రబ్బరు జారే చప్పుడు. గాలి సరిగ్గా ఉంటే పట్టించుకోకండి.

## నడుస్తున్నప్పుడు

మలుపు తిరుగుతూ ఆక్సిలరేటర్ ఇస్తే "టక్ టక్ టక్" మంటోంది. నేరుగా వెళ్తే ఏమీ లేదు.

ముందు చక్రాలకు ఇంజను బలం వచ్చే కారయితే బయటి సీవీ జాయింట్ (ఇంజను బలాన్ని చక్రానికి చేర్చే యాక్సిల్ చివరి జాయింటు) అరిగింది. ఖాళీ మైదానంలో చివరిదాకా తిప్పి, ఫస్ట్ గేరులో నెమ్మదిగా గుండ్రంగా నడిపి, కొంచెం కొంచెం ఆక్సిలరేటర్ ఇవ్వండి. తర్వాత రెండో వైపు. చక్రం తిరిగే వేగంతోపాటు టకటకలూ వేగమవుతాయి. తరచుగా మలుపుకు బయటి వైపున్న జాయింట్ తప్పుదై ఉంటుంది గానీ, ఖాయం చేసేది రబ్బరు బూటు. అది చిరిగి, రిమ్ము లోపలివైపు నల్లగా గ్రీజు చిమ్మి ఉంటే దొంగ దొరికినట్టే. బూటు చిరిగినా ఇంకా సౌండ్ రాకపోతే శుభ్రం చేసి, కొత్త గ్రీజుతో కొత్త బూటు వేస్తే జాయింట్ బతుకుతుంది. టకటక మొదలయ్యాక గ్రీజు కూరడం దండగ. ఇన్నోవా క్రిస్టా లాంటి వెనక చక్రాల బండిలో ముందు యాక్సిలే లేదు, కాబట్టి అందులో ఇదే చప్పుడు వస్తే చక్రం బేరింగు, బాల్ జాయింట్, వీల్ క్యాప్ చూడాలి.

స్పీడ్ బ్రేకర్లు, గుంతల మీద "దడ్ దడ్" మని స్టీరింగ్ కింద కొట్టుకుంటోంది.

అందరినీ ఎక్కువ తిప్పలు పెట్టేది ఇదే. ఎందుకంటే అనుమానితులు అరడజను మంది. చవకైనదాని నుంచి మొదలుపెట్టండి.

స్టెబిలైజర్ లింక్ రాడ్డు (మలుపుల్లో కారు ఒరగకుండా ఆపే కడ్డీకి చివర ఉండే చిన్న రాడ్డు) అన్నిటికన్నా ముందు పోయేది. ఒక చక్రమే గుంతలో పడ్డప్పుడు "టక" అని, రెండు చక్రాలూ ఒకేసారి స్పీడ్ బ్రేకర్ ఎక్కితే పెద్దగా మోగకపోవడం దీని లక్షణం. ఒక పరీక్ష ఉంది. రెండు లింక్ రాడ్లనూ విప్పి పక్కన పెట్టి, అదే రోడ్డులో మెల్లగా ఒక చుట్టు కొట్టి రండి. సౌండ్ పోతే దొరికింది. మలుపుల్లో కారు ఎక్కువ ఒరుగుతుంది, పరీక్ష అవగానే బిగించేయాలి.

బ్రేకు తొక్కిన క్షణంలో ఒక్కసారి "దడ్" మంటే లోయర్ ఆర్మ్ వెనక బుష్షు. చేతికి నేరుగా తగులుతూ, కారు తిన్నగా వెళ్తున్నప్పుడు కంకర రోడ్డు మీద "కటకట" మంటే టై రాడ్ ఎండ్, రాక్ ఎండ్ (రాక్ చివర బూటు లోపలుండే జాయింటు), లేదా రాక్ పట్టీ బుష్షులు. పెడళ్ల దగ్గర కాళ్లకు తెలుస్తుంటే కాలమ్ కింది జాయింట్ చూడండి, దాని క్లాంప్ బోల్టు వదులైనా అచ్చం ఇలాగే కొడుతుంది. ఇంతకుముందు రాక్ దించి ఎక్కించిన కారయితే ఈ బోల్టుతోనే మొదలుపెట్టండి.

60 దాటాక "గూ...." అని మోత. లేన్ మారినప్పుడు ఎక్కువ తక్కువ అవుతోంది.

చక్రం బేరింగు. కుడికి తిప్పితే కారు బరువు ఎడమ చక్రం మీద పడుతుంది, కాబట్టి కుడికి తిప్పినప్పుడు మోత పెరిగితే సాధారణంగా ఎడమ బేరింగు. తిప్పినా ఏ తేడా లేకుండా ఒకేలా మోగితే టైరు అరుగుదల మెట్లు మెట్లుగా ఉందేమో చేత్తో తడిమి చూడండి.

చివరిదాకా తిప్పి రివర్స్ చేస్తే ఏదో రాసుకుంటోంది.

టైరు వెనక ఫెండర్ లైనర్ (చక్రం గూటి లోపలి తొడుగు) క్లిప్పు ఊడి ఉంటుంది, లేదా కంపెనీ సైజు కన్నా వెడల్పు టైరు వేయించి ఉంటారు. చివరిదాకా తిప్పి ఉంచి టార్చి వేయండి, నున్నగా మెరిసే గీత ఎక్కడుందో అక్కడే రాసుకుంటోంది.

మట్టిరోడ్డు దిగాక లోహం గీరినట్టు ఒకటే అరుపు.

బ్రేకు డిస్కుకూ దాని వెనక రేకుకూ మధ్య గులకరాయి ఇరుక్కుంటుంది. కొన్ని మీటర్లు వెనక్కి నడిపితే చాలాసార్లు రాలిపోతుంది. పోకపోతే చక్రం విప్పి, రేకును వేలితో కొంచెం వెనక్కి వంచాలి.

ఈపీఎస్ కారు. తిన్నగా వెళ్తూ స్టీరింగ్‌ను అటూ ఇటూ కొంచెం కదిపితే "టిక్ టిక్".

కొన్ని కాలమ్ ఈపీఎస్‌లలో మోటారుకూ దాని బలాన్ని కాలమ్‌కు అందించే వార్మ్ గేరుకూ మధ్య ఒక చిన్న రబ్బరు కప్లింగు ఉంటుంది. వయసైపోయి అది పొడి పొడిగా విరిగితే ఆ సందు టిక్కుమంటుంది. ముక్క చిన్నదే, కానీ కాలమ్ దించాలి, ఎక్కించాక కొన్ని మోడళ్లలో స్కానరుతో స్టీరింగ్ యాంగిల్ సెన్సారును (స్టీరింగ్ ఎంత తిరిగిందో కొలిచేదాన్ని) మళ్లీ సున్నాకు పెట్టాలి. కాలమ్ మొత్తం మార్చాలన్నవాళ్లను "కప్లింగు ఒక్కటే దొరుకుతుందా" అని అడగండి.

వరద నీళ్లలో నిలబడ్డ కారు. నెల తర్వాత స్టీరింగ్ గరగర.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో మునిగిన కార్లలాంటివాటికి ఇది తప్పక చూడాల్సిన సంగతి. రాక్ బూటుకు చిన్న చీలిక ఉన్నా బురదనీరు లోపలికి పోయి, గ్రీజు కడుక్కుపోయి, రాక్ పళ్లకు తుప్పు పడుతుంది. తుప్పు కొద్దికొద్దిగా పెరుగుతుంది, అందుకే నెలకు బయటపడుతుంది. రెండు బూట్ల క్లిప్పులు తీసి లోపల చూడాలి. నీటి తడి మాత్రమే ఉంటే తుడిచి, గ్రీజు పెట్టి, కొత్త బూట్లు వేయొచ్చు. రాడ్డు మీద తుప్పు గుంతలు పడి ఉంటే రాక్ మార్చడమే. నీళ్లు సీట్ల దాకా వచ్చిన ఈపీఎస్ కారులో కాలమ్ కనెక్టర్లు కూడా విప్పి చూడాలి.

## పట్టుకోవడం, బాగుచేయడం

ఇంట్లో నేనే చూసుకోగలిగే పరీక్ష ఏదైనా ఉందా?

కారు నేల మీదే, హ్యాండ్ బ్రేకు వేసి, గేరు న్యూట్రల్‌లో, ఇంజను ఆన్‌లో ఉంచి ఒకరిని లోపల కూర్చోబెట్టండి. ఆయన స్టీరింగ్‌ను గడియారం ముల్లులా అటొక రెండు అంగుళాలు, ఇటొక రెండు అంగుళాలు చకచకా కదపాలి. మీరు బయటనుంచి ముందు చక్రం వెనక చెయ్యి పెట్టి టై రాడ్ ఎండ్, బాల్ జాయింట్, రాక్ బూటు ఒక్కోటీ పట్టుకోండి. అరిగిన జాయింట్ చెవికన్నా ముందు వేళ్లకు తెలుస్తుంది. స్టీరింగ్ అంచు దగ్గర లూజు చాలా చిన్న కార్ల మాన్యువల్లో 30 మిల్లీమీటర్లకు మించకూడదు.

తర్వాత ఇంజను ఆపి, ముందు చక్రాన్ని జాకీతో లేపి స్టాండు పెట్టండి. ఒట్టి జాకీని నమ్మి చెయ్యి పెట్టొద్దు. చక్రాన్ని కుడి ఎడమ అంచుల దగ్గర పట్టి ఊపితే కదిలిందా, టై రాడ్ ఎండ్ లేదా రాక్ ఎండ్. పైనా కిందా పట్టి ఊపితే కదిలిందా, బాల్ జాయింట్. రెండు విధాలా కదిలితే బేరింగు.

"రాక్ మార్చాల్సిందే" అంటున్నారు. నమ్మొచ్చా?

రాక్ ధర లింక్ రాడ్ ధరకు ఎన్నో రెట్లు. అందుకని అది చివరి మాట కావాలి. లింక్ రాడ్లు, టై రాడ్ ఎండ్లు, లోయర్ ఆర్మ్ బుష్షులు, స్ట్రట్ మౌంటు, కాలమ్ జాయింట్ చూశారా అని అడగండి. లోపలి రాక్ ఎండ్ ఒక్కటే అరిగితే అది విడిగా దొరుకుతుంది. బుష్షు కిట్టు కూడా చాలా మోడళ్లకు దొరుకుతుంది. రాక్ కింద బిగువు సర్దే స్క్రూ ఉంటుంది, కొందరు దాన్ని బిగించి సౌండ్ ఆపుతారు. ఆ స్క్రూను ఎనిమిదో వంతు చుట్టుకు మించి కదిపితే మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను నిటారుకు రాదు. హైవే మీద అది సౌండ్ కన్నా ప్రమాదం.

హైడ్రాలిక్‌లో గాలి ఎలా తీయాలి?

ముందు చక్రాలు రెండూ స్టాండ్ల మీద లేపండి. ఇంజను ఆపి ఉంచే, డబ్బాలో ఆయిల్ గుర్తుదాకా పోసి, స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా 15, 20 సార్లు తిప్పండి. మట్టం తగ్గుతుంటే పోస్తూ ఉండాలి. బుడగలు ఆగాక స్టార్ట్ చేసి, ఐడిల్‌లోనే మరో నాలుగైదు సార్లు తిప్పండి, చివర్లలో పట్టుకోవద్దు. నురగ వస్తే ఆపి అరగంట వదిలేసి మళ్లీ చేయండి. చక్రాలు లేపకుండా, స్టార్ట్ చేసి బరబరా తిప్పేస్తే గాలి చిన్న చిన్న బుడగలుగా చితికి ఆయిల్‌లో కలిసిపోతుంది.

ఏ ఆయిల్ పోయాలి? ఎరుపుదేదైనా సరిపోతుందా?

రంగు చూసి పోయొద్దు. చాలా బండ్లకు డెక్స్‌రాన్ రకం ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేరుబాక్సు ఆయిల్) వాడతారు, కొన్ని జర్మన్ కార్లకు ఆకుపచ్చ సింథటిక్ ఆయిల్ కావాలి, రెండూ కలపకూడదు. డబ్బా మూత మీదో మాన్యువల్లోనో రాసి ఉంటుంది. బ్రేక్ ఆయిల్ పొరపాటున పోస్తే స్టార్ట్ చేయకుండా ఆపండి. అది సీళ్లను ఉబ్బించి పాడుచేస్తుంది, మొత్తం తీసి కడిగించాలి.

టై రాడ్ ఎండ్ నేనే మార్చుకోవచ్చా?

స్టాండ్లు, పుల్లర్ (జాయింట్‌ను ఊడదీసే పనిముట్టు), మంచి పానాలు ఉంటే మార్చుకోవచ్చు. పాతది విప్పేటప్పుడు ఎన్ని చుట్లకు ఊడిందో లెక్కపెట్టి కొత్తదాన్ని అన్నే చుట్లు ఎక్కించండి. కాటర్ పిన్ను (నట్టు వదులవకుండా దూర్చే పిన్ను) రంధ్రం కలవకపోతే నట్టును ఇంకొంచెం బిగించి కలపాలి, వదులు చేసి ఎప్పుడూ కలపకూడదు. పాత పిన్ను మళ్లీ వాడొద్దు. జాయింట్‌ను ఊడదీయడానికి సుత్తితో దాని బూటు మీద కొట్టొద్దు. నేరుగా వీల్ అలైన్‌మెంట్‌కు వెళ్లాలి, లెక్క ఎంత సరిగ్గా ఉన్నా.

కీచుమన్న చోటల్లా డబ్ల్యూడీ-40 కొడితే చాలదా?

దొంగను పట్టడానికి పనికొస్తుంది, బాగుచేయడానికి కాదు. అది పలుచని ద్రవం, ఉన్న గ్రీజును కూడా కరిగిస్తుంది. నాలుగు రోజులు ఊరుకుని ఐదో రోజు ఇంకా గట్టిగా అరుస్తుంది. రబ్బరు బుష్షులకు, కాలమ్ క్యాబిన్‌లోకి వచ్చే చోటి రబ్బరు సీలుకు సిలికాన్ గ్రీజు వాడండి.

## రిపేరయ్యాక

అలైన్‌మెంట్ చేయించి వచ్చాక తిప్పితే రబ్బరు పిండినట్టు చప్పుడు.

టై రాడ్డును తిప్పి సర్దేటప్పుడు రాక్ బూటు దానితో అంటుకుని మెలిపడుతుంది. సన్న చివర క్లిప్పు వదులు చేసి, మెలి విప్పి, రాడ్డు మీద కొంచెం గ్రీజు రాసి మళ్లీ బిగిస్తే పోతుంది. అలాగే వదిలేస్తే బూటు చిరుగుతుంది.

కొత్త షాకబ్జార్లు వేశాక "టక్" మనడం మొదలైంది.

మూడు చోట్ల చూడాలి. స్ప్రింగు కొస దాని గూట్లో సరిగ్గా కూర్చుందా, పైన మధ్య నట్టు పూర్తిగా బిగిసిందా, లోయర్ ఆర్మ్ బుష్షు బోల్టులను చక్రాలు గాల్లో ఉండగా బిగించారా. ఈ మూడోదాన్ని ఎక్కువమంది మరిచిపోతారు. కారు నేల మీద నిలబడ్డ భంగిమలోనే ఆ బోల్టులు చివరి బిగువు బిగించాలి, లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి త్వరగా చిరుగుతుంది.

అన్నీ మార్చారు, సౌండ్ అలాగే ఉంది. ఇంకేం మిగిలింది?

ఖర్చులేనివి మిగిలాయి. ప్లాస్టిక్ వీల్ క్యాపులు తీసి ఒకరోజు నడపండి. డిక్కీలో జాకీ, స్టెప్నీ బిగించి ఉన్నాయో లేదో చూడండి. చక్రాల నట్లు టార్క్ రెంచితో బిగించండి, చిన్న కార్లకు సుమారు 85 నుంచి 110 న్యూటన్ మీటర్లు, మీ మాన్యువల్లోని అంకె చూసుకుని. చక్రం విప్పి బిగించిన 50, 100 కిలోమీటర్లకు ఇంకోసారి చూడాలి. ఇంజను మౌంటు చిరిగినా గేరు వేసి తిప్పేటప్పుడు "దడ్" మంటుంది. బ్రేకు తొక్కి, డ్రైవ్‌కూ రివర్స్‌కూ మారుస్తూ బానెట్ కింద ఇంజను ఎంత ఎగురుతోందో పక్కనుంచి ఒకరు చూస్తే తెలిసిపోతుంది.